దారం లేని కుట్టు

సూది ఇంకా కండక్టరు చొక్కాకే వేలాడుతోంది.

పైనుంచి రెండో బటన్ సగం కుట్టి ఉంది. దాని కింద జానెడు దారం, దారం చివర సూది. ఆయన కోపంతో గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే అదీ ఆయనతో పాటే ఊగుతోంది. ఇంకో రోజైతే ఆయన భార్య టైలరమ్మ "కదలకండి, గుచ్చుకుంటుంది" అని గదమాయించి ఉండేది. ఇవాళ ఆమె నోరు తెరిచే స్థితిలో లేదు. కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మూతికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

"టక్‌మంది. నా చెవులారా విన్నాను" అన్నాడు కండక్టరు. "నీ తల నా గుండె మీదే ఉంది కదా. టక్‌మందా లేదా?"

టైలరమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత నిలువుగా ఊపింది.

"ఏంటది? అవుననా, కాదనా?"

ఆమెకే తెలియదు. నాలుక కొసతో పైవరస ముందుపన్నును మెల్లిగా నెట్టి చూసింది. కదిలింది. నిన్నటిదాకా రాయిలా ఉన్న పన్ను అది. పన్నంటే సొంత పన్ను కాదు. దవడ ఎముకలోకి ఒక లోహపు స్క్రూ దింపి, దాని మీద డాక్టరమ్మ బిగించిన తాత్కాలిక పన్ను. "ఇది చూసేవాళ్ళ కోసం మాత్రమే. లోపల ఎముక పట్టుకునేదాకా దీంతో అన్నం మెతుకు కూడా కొరకొద్దు" అని ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

లోపలి గదిలోంచి అత్తగారు వచ్చింది. ఆవిడ కట్టుడు పళ్ళు ఇంకా గ్లాసులోనే ఉన్నాయి. పళ్ళున్నా లేకపోయినా ఆ ఇంట్లో ఆవిడ నోటికి మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు.

"ఏంట్రా పొద్దున్నే ఆ అరుపులు? ఇల్లనుకున్నావా, బస్సనుకున్నావా?"

"నీ కోడలు దారం కొరికిందమ్మా!"

"దేంతో?"

"దేంతోనా? కొత్త పన్నుతో!"

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు చేతులు తియ్యలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం చేతుల మీదికి జారాయి.

"ఇల్లంతా కత్తెరలు కట్టాను" అన్నాడు కండక్టరు. "మిషను కాలికి ఒకటి. కిటికీ ఊచకి ఒకటి. మంచం కోడుకి ఒకటి. వంటింట్లో గరిటెల పక్కన కూడా ఒకటి. ఎక్కడ సూది పట్టుకుంటే అక్కడ కత్తెర అందాలని. ఇదిగో, నీ మెడలో ఎర్ర రిబ్బనుకి వేలాడుతున్నదేంటి మరి? హారమా?"

టైలరమ్మ చెయ్యి మెడలోని చిట్టి కత్తెర మీదికి వెళ్ళింది. వేళ్ళ సందుల్లోంచి మాట సన్నగా వచ్చింది. "కావాలని చెయ్యలేదండీ. తల దానంతటదే వంగింది."

"దానంతటదే వంగడానికి అది నీ తల కాదా?"

"ఒరేయ్, ఆగు" అంది అత్తగారు. "బటన్ కుట్టమన్నదెవరు?"

"నేనే. డ్యూటీకి టైమైపోతోందని."

"చొక్కా విప్పి ఇచ్చావా?"

కండక్టరు కాలరు సర్దుకున్నాడు.

"ఇవ్వలేదు. ఎప్పుడిచ్చావు గనక! పెళ్ళయిన కొత్తలోనే మొదలుపెట్టారు ఈ తంతు. నువ్వు ఛాతీ విరుచుకుని నిలబడడం, అది దగ్గరికొచ్చి కుట్టడం, తల వంచి పుటుక్కున కొరకడం. ఇద్దరికీ అదో ముచ్చట. నేను చూడనట్టు గోడవైపు తిరిగేదాన్ని. ఇవాళ అది తల వంచిందంటే నువ్వు ఛాతీ విరిచావు కాబట్టి. అరిస్తే ఇద్దరి మీదా అరువు."

కండక్టరు తన చొక్కా వైపు చూసుకున్నాడు. ఊగుతున్న సూదిని చేత్తో పట్టుకుని ఆపాడు. తర్వాత ఆ ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అరుపు కన్నా ఆ నిశ్శబ్దమే టైలరమ్మకి బరువుగా అనిపించింది. ఆ ఇంటికి నిశ్శబ్దం అలవాటు చేసింది తనే. ఒకప్పుడు తను నవ్విందంటే వీధి చివర కొట్టువాడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వేవాడు. కొలతలిచ్చే ఆడవాళ్ళు ఆ నవ్వు కోసమే ఇంకాసేపు కూర్చునేవాళ్ళు. నిరుడు కర్టెన్ల మందపాటి దారం కొరుకుతుంటే ముందుపన్ను నిలువునా చీలింది. చీలిక వేరుదాకా దిగిందని పన్ను తీసేశారు. ఆ రోజు నుంచి ఆమె చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడింది లేదు. నవ్వు సంగతి సరేసరి.

పన్ను పోయిన చోట ఎముక పలచబడిపోయిందని డాక్టరమ్మ అక్కడ ఎముక పొడి వేసి, అది గట్టిపడ్డాకే స్క్రూ దింపింది. అప్పుడే ఒక మాట కూడా చెప్పింది. ఉన్న ఎముక దీనికే బొటాబొటీగా సరిపోయింది, ఇది ఊడితే మళ్ళీ పెట్టడానికి చోటుండదు అని. పోతే అటూ ఇటూ ఉన్న సొంత పళ్ళు అరగదీసి వాటి మీద తొడుగు వెయ్యాలిట. టైలరమ్మకి ఆ ఆలోచనే గిట్టలేదు. అరగదీయడానికి ఆ పళ్ళు మాత్రం ఏం బాగున్నాయి గనక!

ఆ మాట అనుకోగానే ఆమెకి ఇంకోటి గుర్తొచ్చింది. దాన్ని వెంటనే లోపలికి తోసేసింది.

కండక్టరు డిపోకి ఫోన్ చేసి ఇవాళ రాలేనన్నాడు. అత్తగారు వేలాడే దారాన్ని బటన్ చుట్టూ చుట్టి, సూదిని జేబు వెనక మడతలో గుచ్చింది. "తెంపకు. దాని పని అదే వచ్చి పూర్తి చేస్తుంది" అంది.

*

"చేతులు తియ్యండి" అంది డాక్టరమ్మ.

"తీస్తే ఊడిపోతుందేమో."

"ఊడితే నా చేతిలోనే ఊడుతుంది. పారిపోదు."

టైలరమ్మ చేతులు తీసింది. కుర్చీ వెనక్కి వాలింది. పైనున్న దీపం కళ్ళలోకి కొట్టింది. డాక్టరమ్మ వేలితో పన్నును అటూ ఇటూ నెట్టింది. పన్ను ఆడింది. గోడవార బల్ల మీద కూర్చున్న కండక్టరు లేచి నిలబడ్డాడు.

"పోయిందా డాక్టరుగారూ?"

"అప్పుడే పోగొట్టకండి. ఇది రెండు రకాలుగా కదలొచ్చు. పన్నుని పట్టి ఉంచే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. అది వదులైతే పన్ను కదులుతుంది. అదైతే బిగిస్తే సరిపోతుంది."

"రెండోది?"

"ఎముకలో దింపిన పెద్ద స్క్రూ, అంటే ఇంప్లాంటే వదులై ఉండొచ్చు."

కండక్టరు మళ్ళీ బల్ల మీద కూలబడ్డాడు.

డాక్టరమ్మ ముందు ఎక్స్‌రే తీసింది. తర్వాత పన్ను వెనకాల ఉన్న చిన్న రంధ్రం తెరిచి, సూదంత స్క్రూడ్రైవరు లోపలికి పోనిచ్చి తిప్పింది. తాత్కాలిక పన్ను ఆవిడ చేతిలోకి వచ్చింది. టైలరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఇప్పుడు లోపల ఇంప్లాంట్ ఒక్కటే ఉంది. దాన్ని నెడుతున్నాను. నొప్పి పుడితే చెయ్యెత్తండి."

నెట్టింది. టైలరమ్మ నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకో పరికరం బిగించి కొద్దికొద్దిగా బలం పెంచుతూ తిప్పి చూసింది. తల కుర్చీకి ఆనుకుపోతోంది గానీ లోపల ఏదీ చలించలేదు. చివరికి ఆవిడ ఒక సన్నటి ఇనప కడ్డీ తిరగేసి, దాని పిడితో ఇంప్లాంట్ మీద చిన్నగా కొట్టింది.

ఖణేల్‌మంది.

ఆ శబ్దం టైలరమ్మకి చెవుల్లో వినపడలేదు. నుదుటి వెనక, పుర్రె లోపల, తన సొంత ఎముకల్లో వినపడింది. రాయిని రాయితో కొట్టినంత శుభ్రంగా ఉంది.

"విన్నారా? వదులైతే మొద్దు శబ్దం వస్తుంది. ఇది గట్టిగా పట్టుకుంది. వదులైంది పైనున్న చిన్న స్క్రూ మాత్రమే. అదృష్టవంతులు." డాక్టరమ్మ మాస్కు వెనక నవ్వుతున్నట్టుంది. "రండి, చూపిస్తాను."

కుర్చీ పైకి లేచింది. తెర మీద ఎక్స్‌రే బొమ్మ. నలుపూ బూడిదరంగూ కలిసిన మసకలో తెల్లగా ధగధగలాడే స్క్రూ. దాని మెలికలన్నీ స్పష్టంగా లెక్కపెట్టేలా ఉన్నాయి. చుట్టూ ఉన్న ఎముక స్క్రూ దగ్గరికొచ్చి ఆగిపోలేదు. ప్రతి మెలిక గాడిలోకీ దూరి, ఎక్కడా వెంట్రుకవాసి సందు లేకుండా నిండిపోయింది.

కండక్టరు ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. "దీన్ని ఏం పెట్టి అతికించారండీ? సిమెంటా?"

"ఏమీ పెట్టలేదు."

"జిగురూ?"

"ఏమీ లేదండీ. అది ఆవిడ ఎముకే. దానంతటదే పెరుగుతూ వచ్చి పట్టుకుంది."

"ఇనప ముక్కనా?"

"ఇనుము కాదు, టైటానియం. ముల్లు గుచ్చుకుంటే ఏమవుతుంది? చీము పట్టి ఒళ్ళు దాన్ని బయటికి తోసేస్తుంది. ఈ లోహాన్ని మాత్రం తోసెయ్యదు. అంచుదాకా వచ్చి అల్లుకుపోతుంది. నేను ఇలాంటివి చాలా పెట్టాను. అయినా ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఒక నిమిషం చేతులాడవు నాకు."

కండక్టరు గొంతు తగ్గించాడు. గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడాడు. "కిక్కిరిసిన బస్సులో కొత్త మనిషి ఎక్కితే మొదట అందరూ గొణుగుతారు. రెండు స్టాపులు దాటాక సర్దుకుని చోటిస్తారు. అలాంటిదా?"

"సర్దుకోవడంతో ఆగలేదండీ ఇక్కడ. అందరూ కలిసి ఆ మనిషి చెయ్యి పట్టుకున్నారు. ఇక వదలరు."

టైలరమ్మ బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె చేసింది ఒక్కటే, విడిగా ఉన్న రెండింటిని కలపడం. కలపాలంటే బొక్క పొడవాలి, దారం లాగాలి, ముడి వెయ్యాలి. ఎంత గట్టిగా కుట్టినా ముడి విప్పి కొస పట్టి లాగితే మొత్తం ఊడొస్తుంది. ఇక్కడ సూది లేదు, దారం లేదు, లాగడానికి కొస లేదు. ఇంత సన్నటి కుట్టు ఆమె ఎన్నడూ చూడలేదు. అది తన నోట్లోనే, తను తింటున్నప్పుడూ పోట్లాడుతున్నప్పుడూ ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నప్పుడూ మెల్లిమెల్లిగా జరిగింది. తను అనుమానంతో రోజూ నాలుకతో తడుముతూనే ఉంది. అది మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

"నేనేం చెయ్యలేదు కదమ్మా" అంది చివరికి. "దానికెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

టైలరమ్మ కళ్ళు చెమర్చాయి. ఈసారి అది భయం కాదు.

కండక్టరు ఆనందం పట్టలేక "అమ్మకి ఫోన్ చేసొస్తా" అంటూ బయటికి పరుగెత్తాడు. తలుపు మూసుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ కుర్చీ వాల్చి, పన్ను యథాస్థానంలో పెట్టి కొత్త స్క్రూతో బిగించింది. "ఒక్క మాట గుర్తుంచుకోండి. దీనికి పట్టు ఉంది గానీ స్పర్శ లేదు. సొంత పన్ను వేరు చుట్టూ మెత్తటి పొర ఉంటుంది. వెంట్రుక తగిలినా అది మీకు చెప్తుంది. దీనికి ఆ పొర లేదు. ఎంత గట్టిగా కొరుకుతున్నారో మీకు తెలియదు. పొద్దున జరిగింది అదే. ఏదీ, తేడా మీకే తెలుస్తుంది. పక్క పన్ను మీద కొడతాను చూడండి."

కడ్డీ పిడి పక్కనున్న సొంత పన్ను మీద పడింది. చాలా చిన్న దెబ్బ.

టైలరమ్మ కుర్చీలోంచి ఎగిరిపడింది.

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. దీపం దగ్గరికి లాక్కుని ఆ పన్ను అంచును చాలాసేపు చూసింది. తర్వాత మాస్కు కిందికి దింపింది. ఆ ముఖంలో ఇందాకటి నవ్వు లేదు.

"అంచులో ఈ గంటు పోయినసారి ఇంత లోతు లేదు. గంటు కింద సన్నగా గీత కూడా పడింది. దీంతో కొరుకుతున్నారా?"

టైలరమ్మ తలుపు వైపు చూసింది. అద్దంలోంచి కండక్టరు వీపు కనిపిస్తోంది. చెయ్యి తిప్పుతూ ఫోన్‌లో చెప్తున్నాడు.

"కత్తెర తీస్తే నా చెయ్యి ఆగిపోతుందమ్మా" అంది మెల్లిగా. "దారం పంటికి తగిలితేనే కుట్టు పూర్తయినట్టు నాకు తెలుస్తుంది. కొత్తదాన్ని ముట్టుకోవద్దన్నారుగా, ముట్టుకోలేదు. పక్కదాంతో కానిచ్చాను. ఈ మధ్య అది జిల్లుమంటోంది. ఇవాళ కూడా జిల్లుమంటే, దారం పక్కకి జరిపాను. అంతే."

"అంటే పొద్దున కొత్తదాంతో ఎందుకు కొరికారో మీకు ముందే తెలుసు."

టైలరమ్మ తల దించుకుంది.

"గీత పైపొరలోనే ఆగిందో, వేరుదాకా దిగిందో ఇప్పుడే చెప్పలేను. దాన్ని అసలు కదిలించకుండా కొన్నాళ్ళు చూడాలి. దిగితే మాత్రం..." డాక్టరమ్మ మాట మింగేసింది. "పెట్టింది నిలబడింది. పుట్టింది నిలబడుతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న."

"ఆయనకి చెప్పకండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నేను చెప్పను. మీరు చెప్పండి." టైలరమ్మ మెడలోని ఎర్ర రిబ్బను కేసి చూసింది డాక్టరమ్మ. "ఈ కత్తెర కట్టింది ఆయనేగా?"

*

దారి పొడవునా కండక్టరు నోరు ఆగలేదు. ఇంటికొచ్చాక చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఫోన్‌లో తీసుకొచ్చిన ఎక్స్‌రే ఫోటోని పెద్దది చేసి తల్లి ముందు పెట్టాడు.

"చూడమ్మా, ఇది స్క్రూ. ఇదంతా నీ కోడలి ఎముక. జిగురు లేదు, సిమెంటు లేదు. వచ్చి పట్టేసుకుంది!"

అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుని మరీ చూసింది. వేలితో తెర మీద ఆ మెలికల్ని తడిమింది. వేలు తగలగానే బొమ్మ జరిగిపోతే అదిరిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ చెప్పకుండానే?"

"ఎవరూ చెప్పకుండానే."

ఆవిడ దవడలు చప్పరించి, "నా నోట్లో పళ్ళు ఇన్నేళ్ళైనా చుట్టాలే. రాత్రయ్యేసరికి వెళ్ళిపోతాయి" అంది. కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తింది. "నీది ఇంటి మనిషైపోయిందే అమ్మాయ్. ఏదీ, చెయ్యి తీసి ఓసారి నవ్వు. ఎన్నాళ్ళయిందో నీ నవ్వు విని."

టైలరమ్మ నవ్వబోయింది. చెయ్యి మూతి దగ్గరికి వెళ్ళింది.

"పోనీలే. సిగ్గు. రేపు నవ్వుతుంది" అంటూ అత్తగారు ఫోన్ పట్టుకుని పక్కింటావిడకి చూపించడానికి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కండక్టరు అలవాటుగా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. నిలబడ్డాక గుర్తొచ్చి చొక్కా విప్పబోయాడు. టైలరమ్మ వద్దన్నట్టు ఆయన చెయ్యి పట్టుకుంది.

జేబు వెనక మడతలోంచి సూది తీసింది. చుట్టిన దారం విప్పింది. బటన్‌కి మిగిలిన కుట్లు వేసింది. అడుగున దారం తిప్పి ముడి వేసి బిగించింది. పని అయిపోయింది. దారం మాత్రం మిగిలింది.

తల దానంతటదే వంగింది.

ఆయన ఊపిరి బిగపట్టాడు. ఆ గుండె చప్పుడు ఆమె నుదుటికి తెలుస్తోంది. కోప్పడలేదు, కత్తెర గుర్తు చెయ్యలేదు. ఊరికే నిలబడ్డాడు. దారం ఆమె పెదవులకి తగిలింది. నాలుక లోపల రెండు పళ్ళనీ తడిమింది. ఒకటి ఎంత నొక్కినా ఏమీ చెప్పదు. రెండోది ముట్టుకోకముందే జిల్లుమంది.

టైలరమ్మ తల ఎత్తింది. మెడలోంచి ఎర్ర రిబ్బను తీసి, చిట్టి కత్తెర ఆయన చేతిలో పెట్టింది.

"మీరే కత్తిరించండి."

"నేనా? నాకేం తెలుసు?"

"ముడి దగ్గరగా. బట్ట తెగకుండా."

కండక్టరు తన ఛాతీ వైపు వంగి, ఏ పరీక్షలోనూ కలం పట్టనంత భయంగా కత్తెర పట్టుకున్నాడు. దారం తెగింది. తెగిన ముక్కని అరచేతిలో వేసుకుని, పెద్ద ఘనకార్యం చేసినట్టు ఆమె ముందు పెట్టాడు.

"అయిపోయింది! ఇంతేనా? ఇక నీకు నోటితో పనేం లేదు. గండం గడిచిపోయింది."

ఆ ముఖంలో వెలుగు చూస్తే టైలరమ్మకి, ఇవాళ ఒక్క పూట ఆ వెలుగుని అలాగే ఉండనిస్తే ఏం పోతుంది అనిపించింది. కానీ తెర మీది బొమ్మ కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఒక్క సందు కూడా లేకుండా పట్టుకుంది ఆ ఎముక.

"ఏమండీ" అంది.

"ఊఁ?"

"గడవలేదండీ. మీకో మాట చెప్పాలి."

ఆయన చేతిలో దారం ముక్క అలాగే ఉంది. టైలరమ్మ చెయ్యి మూతి దాకా లేచింది, సగంలో ఆగింది, మళ్ళీ కిందికి దిగిపోయింది. కిటికీ వెలుగు సూటిగా ముఖం మీద పడుతుండగా, పన్ను పోయిన తర్వాత మొదటిసారి ఆయన ముందు ఏ అడ్డమూ లేకుండా ఆమె నోరు తెరిచింది.